నాలుగు వేల పింఛను చేతికందాలంటే ఖర్చెంత?

2024 డిసెంబరు 31న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు పల్నాడు జిల్లా నరసరావుపేట మండలంలో, కోటప్పకొండకు దగ్గర్లోని యల్లమంద గ్రామానికి వచ్చారు. మర్నాడు కొత్త సంవత్సరం సెలవు కాబట్టి జనవరి పింఛన్లు ఒకరోజు ముందే ఇళ్ల దగ్గర పంచారు. ఆ తర్వాత కొండెక్కి త్రికోటేశ్వరస్వామిని దర్శించుకున్నారు. పత్రికల్లో ఫొటోలు వచ్చాయి, రాజకీయంగా అనుకోవలసినవన్నీ అనుకున్నారు. ఎవరూ పెద్దగా పట్టించుకోని ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. నరసరావుపేట మండలంలో దాదాపు ప్రతి ఇంటికీ బ్యాంకు ఖాతా ఉంది, ఆధార్ ఉంది, ఫోన్ ఉంది. ఒక్క మీట నొక్కితే లక్షల ఖాతాల్లో డబ్బు పడే కాలమిది. అయినా నాలుగు వేల రూపాయల నోట్లు పట్టుకుని మనిషి గడప దాకా ఎందుకు వెళ్లాలి?

ఆ ప్రశ్నకు జవాబు అదే ఏడాది మే నెలలో దొరికింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 ఫిబ్రవరి నుంచి వలంటీర్లు పింఛను ఇంటికే తెచ్చి ఇచ్చేవాళ్లు. ఎన్నికల వేళ, 2024 మార్చి 30న, వాళ్లను నగదు పంపిణీకి దూరంగా ఉంచమని ఎన్నికల సంఘం ఆదేశించింది. ఏప్రిల్‌లో చాలామంది గ్రామ, వార్డు సచివాలయాల దగ్గరికి వెళ్లి తీసుకున్నారు. మే నెలకు ప్రభుత్వం ఇంకో దారి ఎంచుకుంది. మొత్తం 65.49 లక్షల మందిలో 48.92 లక్షల మందికి బ్యాంకు ఖాతాల్లో వేసింది. దివ్యాంగులు, మంచాన పడ్డవాళ్లు వంటి మిగతా 16.57 లక్షల మందికి మాత్రం ఇంటి దగ్గర ఇచ్చింది. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు బ్యాంకుకు వెళ్లాల్సి వచ్చింది.

మే 1 బ్యాంకులకు సెలవు. మే 2న రోళ్లు పగిలే ఎండలో బ్యాంకుల ముందు ముసలివాళ్ల వరుసలు కనిపించాయి. వరుసలో చాలాసేపు నిలబడ్డాక డబ్బు ఇంకో బ్యాంకులో పడిందని తెలిసినవాళ్లున్నారు. దీనికి కారణం ఉంది. పల్లెలో ఒక్కొక్కరికి రెండు మూడు ఖాతాలుంటాయి. ఒకటి డ్వాక్రా సంఘం కోసం తెరిచింది, ఒకటి ఉపాధి హామీ కూలి కోసం, ఇంకొకటి జన్‌ధన్. ప్రభుత్వం ఆధార్ ఆధారంగా డబ్బు వేస్తే అది ఆధార్‌తో ఆఖరున అనుసంధానమైన ఖాతాలోకి వెళుతుంది. పాస్‌బుక్ ఏ బ్యాంకుదైతే డబ్బు ఆ బ్యాంకులోనే ఉంటుందని అవ్వ అనుకుంటుంది. ఇంకొందరి ఖాతాలు ఏళ్ల తరబడి కదలిక లేక నిలిచిపోయాయి. రెండేళ్లపాటు ఖాతాదారు లావాదేవీ ఏదీ చేయకపోతే ఖాతా నిష్క్రియమవుతుంది. దాన్ని మళ్లీ తెరవడానికి రుసుము తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. కానీ ఆ సంగతి వరుసలో నిలబడ్డ మనిషికి ఎవరు చెప్పాలి?

ఆ 48.92 లక్షల మందికీ ఖాతాలున్నాయి, డబ్బూ జమైంది. కాగితం మీద అందరూ బ్యాంకింగ్ అందినవాళ్లే. అందనిదల్లా బ్యాంకుకూ ఇంటికీ మధ్య ఉన్న నాలుగైదు కిలోమీటర్లు. ప్రభుత్వం మారాక, జులై 1న సచివాలయ ఉద్యోగులు చాలామందికి పెంచిన 4,000కు మూడు నెలల బకాయి కలిపి 7,000 చొప్పున ఇంటింటికీ పట్టుకెళ్లారు. అన్ని రకాల పింఛన్లూ కలిపి 65.18 లక్షల మందికి 4,408 కోట్లు. బ్యాంకుల నుంచి నోట్లు తీసి, సంచుల్లో పెట్టుకుని, వేలిముద్ర వేయించుకుని చేతికిచ్చారు. పల్లె బ్యాంకింగ్ గురించి ఏ నివేదికా చెప్పనంత స్పష్టంగా ఈ రెండు నెలలు చెప్పాయని నా నమ్మకం.

దూరం లెక్క

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు దాని విస్తీర్ణం 7,298 చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కల ప్రకారం జనాభా 20.42 లక్షలు. అదే రోజు కుదించుకుపోయిన గుంటూరు జిల్లాకు 2,443 చదరపు కిలోమీటర్లు, 20.91 లక్షల మంది. జనం ఇంచుమించు సమానం, నేల మాత్రం పల్నాడులో మూడింతలు. గుంటూరులో చదరపు కిలోమీటరుకు 856 మంది ఉంటే ఇక్కడ 280 మంది. అది కూడా సగటు. నరసరావుపేట చుట్టుపక్కల మాగాణి ఊళ్లను, బొల్లాపల్లి, వెల్దుర్తి అడవి అంచున ఉన్న తండాలనూ ఒకే గాటన కట్టి తీసిన సగటు.

ఆర్థిక చేరికపై 2019-24 జాతీయ వ్యూహం పెట్టుకున్న లక్ష్యం ఒకటుంది. 2020 మార్చికల్లా ప్రతి గ్రామానికీ 5 కిలోమీటర్ల లోపు బ్యాంకింగ్ సదుపాయం ఉండాలి. కొండ ప్రాంతాల్లో 500 ఇళ్లున్న ఆవాసానికీ ఇదే లెక్క. 5 కిలోమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీస్తే 78.5 చదరపు కిలోమీటర్లు వస్తుంది. పల్నాడు మొత్తాన్ని అలాంటి వృత్తాలతో నింపాలంటే 93 కావాలి. వృత్తాలు ఒకదానికొకటి ఖాళీ లేకుండా అతకవు కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే కావాలి. పైగా అది పటం మీద తిన్నగా గీసిన 5 కిలోమీటర్లు. దారిలో వాగు అడ్డొస్తే, కొండ చుట్టూ తిరగాల్సి వస్తే అది ఏడో ఎనిమిదో అవుతుంది.

ఇప్పుడు అవ్వ ఖర్చు చూద్దాం. రానూపోనూ ఆటోకు 60 రూపాయలనుకుందాం. 2024-25లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ రోజు కూలి 300. అరపూట పోతే 150. అవ్వ కూలికి వెళ్లే వయసు దాటినా తోడు వెళ్లే కూతురికో మనవడికో ఆ పూట పోతుంది. మొత్తం 210 రూపాయలు. నాలుగు వేల పింఛనులో అది 5.25 శాతం. ఆ మే నెలలో బ్యాంకులో డబ్బు పడ్డ 48.92 లక్షల మందిలో సగం మందికే ఈ ఖర్చు అయిందనుకున్నా 51 కోట్లు దాటుతుంది, అదీ ఒక్క నెలకు. ఆటో ఛార్జీ ఊరినిబట్టి మారుతుంది, కాబట్టి ఈ 51 కోట్లు అంచనా మాత్రమే. అయినా సర్కారు మీట నొక్కి ఆదా చేశాననుకున్న ఖర్చు ఎవరి కొంగున పడిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

కృష్ణకు ఆవల జరిగిన పరీక్ష

పల్లెకు బ్యాంకును తీసుకెళ్లాలన్న ప్రయత్నం కొత్తది కాదు. 1969లో 14 బ్యాంకులను జాతీయం చేసే నాటికి దేశంలో 8,262 శాఖలుంటే పల్లెల్లో ఉన్నవి 1,833. ఆ తర్వాత గ్రామీణ బ్యాంకులు వచ్చాయి. మన గుంటూరు ప్రాంతంలో పనిచేసింది చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు. 2025 మే 1న అది రాష్ట్రంలోని మిగతా గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. కానీ శాఖ అంటే భవనం, లాకరు, మేనేజరు, క్యాషియరు, గార్డు. రెండు వేల జనాభా ఉన్న ఊళ్లో ఆ ఖర్చు గిట్టదు. అందుకే 2006 జనవరిలో రిజర్వు బ్యాంకు ఇంకో తలుపు తెరిచింది. బ్యాంకు తరఫున ఊళ్లోని మనిషే చిన్న యంత్రంతో డబ్బు తీసి ఇవ్వొచ్చు, జమ చేసుకోవచ్చు. మనం బ్యాంక్ మిత్ర అని పిలిచేది వీళ్లనే.

ఈ పద్ధతిని చాలా పెద్ద ఎత్తున, శాస్త్రీయంగా పరీక్షించింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే అన్నది మనలో చాలామందికి తెలియదు. ఉపాధి కూలి, సామాజిక పింఛన్లు వేలిముద్ర ఉన్న స్మార్ట్ కార్డు ద్వారా ఊళ్లోనే చెల్లించే పథకాన్ని ఎనిమిది జిల్లాల్లోని 157 మండలాల్లో ఏది ముందు ఏది వెనుక అన్నది లాటరీ పద్ధతిలో తేల్చి అమలు చేశారు. ఆ మండలాల జనాభా కోటీ 90 లక్షలు. ఆదిలాబాద్, అనంతపురం, కడప, ఖమ్మం, కర్నూలు, నల్గొండ, నెల్లూరు, విజయనగరం ఆ జిల్లాలు. మాచర్ల నుంచి చూస్తే కృష్ణకు ఆవలి ఒడ్డే నల్గొండ. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ చేసిన ఈ అధ్యయనం 2016లో అచ్చయింది.

అందులో డబ్బులిచ్చే మనిషిని ఎంపిక చేసిన తీరు నన్ను బాగా ఆకట్టుకుంది. ఆమె ఆ ఊళ్లోనే కాపురముండే మహిళ కావాలి. పది చదివి ఉండాలి. ఊరి అధికారులకు బంధువు కాకూడదు. స్వయం సహాయక సంఘం సభ్యురాలైతే మేలు, వెనుకబడిన కులాలవారైతే ఇంకా మేలు. పోస్టాఫీసు దాకా నడిచి వెళ్లి, రేపు రా అనిపించుకుని తిరిగొచ్చే రోజుల్లో ఇది చిన్న మార్పేమీ కాదు.

ఫలితాలు ఇలా ఉన్నాయి. ఒక్కొక్క చెల్లింపు తీసుకోవడానికి కూలీలకు పట్టే సమయం సుమారు 22 నిమిషాలు, అంటే ఐదో వంతు తగ్గింది. కూలి డబ్బు 6 నుంచి 10 రోజులు ముందుగా అందింది. మధ్యలో కారిపోయే సొమ్మూ తగ్గింది. కార్డు వాడినవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా పాత పద్ధతి కంటే ఇదే బాగుందన్నారు. రెండేళ్లయినా పథకం సగం చెల్లింపులకే చేరిందని గమనిస్తే ఈ ఫలితం ఇంకా గొప్పది. అసలు సంగతి ఇంకొకటి. ఈ పథకానికైన ఖర్చు మొత్తం, కూలీలకు మిగిలిన సమయం విలువతోనే పూడిపోయింది. అవినీతి తగ్గడం వల్ల మిగిలింది అదనం.

అప్పట్లో ప్రభుత్వం బ్యాంకులకు ఇచ్చిన కమీషను 2 శాతం. ఈ అంకెను గుర్తుంచుకోవాలి.

మిషను ముందు కూర్చున్న మనిషి

ఇవాళ ఊళ్లో ఆధార్ నంబరు చెప్పి, బ్యాంకు పేరు చెప్పి, వేలు పెడితే డబ్బిచ్చే పద్ధతిని ఏఈపీఎస్ అంటారు. ఏ బ్యాంకు ఖాతా అయినా ఏ బ్యాంక్ మిత్ర దగ్గరైనా పనిచేస్తుంది. మిరప కోతలకు కర్నూలు పడమటి పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలే పల్నాడు వస్తాయి. వాళ్ల ఖాతా ఆదోని దగ్గరి శాఖలో ఉన్నా డబ్బు ఇక్కడే తీసుకోగలుగుతున్నారంటే దీని పుణ్యమే. ఒకసారికి 10,000 దాకా తీసుకోవచ్చు.

ఇలా ఒక బ్యాంకు ఖాతాదారు ఇంకో బ్యాంకు మిత్ర దగ్గర డబ్బు తీసుకుంటే, ఖాతా ఉన్న బ్యాంకు చెల్లించే ఇంటర్‌చేంజ్ రుసుము అర శాతం. అదీ ఎంత తీసినా 15 రూపాయలకు మించదు. నాలుగు వేలు తీస్తే 15, పది వేలు తీసినా 15. అందులో బ్యాంకు, మధ్యలో ఉండే కంపెనీ తమ వాటా తీసుకున్నాక మిగిలేది మిత్రకు. ఇదే పని ఏటీఎం చేస్తే? 2021 ఆగస్టు నుంచి ఒక్కో నగదు విత్‌డ్రాయల్‌కు 17 రూపాయలు, 2025 మే 1 నుంచి 19. ఏటీఎంకు వేలిముద్ర సరిగా పడిందో లేదో చూసే పని లేదు, డబ్బు పడిందా అమ్మా అని అడిగినవాళ్లకు జవాబు చెప్పే పని లేదు. అయినా యంత్రానికి 19, మనిషి చేసే పనికి 15. స్మార్ట్ కార్డుల నాటి 2 శాతం లెక్కన అయితే నాలుగు వేలకు 80 రూపాయలు ఇవ్వాలి.

ఒక మిత్ర రోజుకు 40 మందికి తలా 3,000 ఇచ్చిందనుకుందాం. రుసుము మొత్తం 600. అందులో సగం ఆమెకు దక్కినా 300, 2024-25 ఉపాధి హామీ కూలితో సమానం. కానీ ఉపాధి కూలికి పెట్టుబడి అక్కర్లేదు. ఇక్కడ 40 మందికి ఇచ్చిన లక్షా 20 వేలు ముందు ఆమె సొంత నోట్లు. ఆ మొత్తం తర్వాత ఆమె ఖాతాలో జమవుతుంది, మళ్లీ నోట్లు కావాలంటే ఆమే శాఖకు వెళ్లాలి. ఆ పెట్టుబడిని రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటే నెలకు 2,400 వడ్డీకే పోతుంది. డబ్బులు పడ్డ రోజు మధ్యాహ్నానికే అయిపోయాయి, రేపు రా అనే మాట ఎందుకు వినపడుతుందో ఇప్పుడు అర్థమవుతుంది. కొన్నిచోట్ల వెయ్యికి పది రూపాయలు పట్టుకుని ఇవ్వడానికీ మూలం ఇదే. ఆ పట్టుకోవడం తప్పు. మిత్ర నేరుగా ఖాతాదారు దగ్గర రుసుము వసూలు చేయడం నిబంధనలకు విరుద్ధం. కానీ ఆమె కమీషను పెంచకుండా ఆమెను దొంగ అనడం నాకు న్యాయమనిపించదు.

మిషను దగ్గర కాసేపు నిలబడితే ఇంకో కష్టం కనపడుతుంది. మిరప కోసీ కోసీ వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయిన ఆడమనిషి వేలు పెడుతుంది. పడలేదంటారు. చీర కొంగుతో తుడుచుకుని మళ్లీ పెడుతుంది. చూపుడు వేలు మార్చి ఉంగరం వేలు, ఆ చేయి కాదని ఈ చేయి. కాస్త కొబ్బరినూనె రాయమంటారొకరు, తడి చేసుకోమంటారింకొకరు. ఈలోగా నెట్ పోతుంది. మిషను పట్టుకుని వాకిట్లోకి, అక్కడి నుంచి అరుగు మీదికి సిగ్నల్ వెతుక్కుంటూ వెళతారు. రోజంతా చేతులతో బతికే మనుషులను ఆ చేతులే గుర్తుపట్టనివ్వకపోతే ఆ తప్పు వాళ్లది కాదు. ముఖం చూపించి గుర్తించే పద్ధతి పింఛన్ల పంపిణీలో ఇప్పటికే వాడుతున్నారు. బ్యాంక్ మిత్రల దగ్గరా అది మామూలైపోవాలి.

కొన్నిసార్లు ఖాతాలో డబ్బు తగ్గుతుంది గానీ చేతికి రాదు. దీనికి రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో గడువు పెట్టింది. లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లో డబ్బు వెనక్కి రావాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున ఖాతాదారుకు పరిహారం ఇవ్వాలి, అదీ అడగకుండానే. అందుకని లావాదేవీ విఫలమైనా స్లిప్పు తీసుకుని దాచుకోవాలి. వేలిముద్రల దొంగతనం ఇంకో భయం. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలను నకలు తీసి ఖాతాలు ఖాళీ చేసిన కేసులు తెలుగు రాష్ట్రాల్లో బయటపడ్డాయి. ఆధార్ బయోమెట్రిక్‌ను తాళం వేసుకుని, అవసరమైనప్పుడు తెరుచుకునే వీలుంది. మోసం జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. మూడు నెలలు పని చేయని మిత్ర వివరాలను మళ్లీ సరిచూశాకే లావాదేవీలకు అనుమతించాలన్న నిబంధన 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మంచిదే. కాకపోతే కమీషను గిట్టక మూడు నెలలు మూసుకున్న తండా మిత్రను, మోసగాడిని ఒకే జల్లెడలో వేయకుండా చూసుకోవాలి.

ఫోన్‌పేలు, గూగుల్‌పేలు వచ్చాక ఇదంతా ఎందుకు అనేవాళ్లున్నారు. శివరాత్రి తిరునాళ్లలో చెరుకు గడలమ్మేవాళ్ల దగ్గరా క్యూఆర్ కోడ్ వేలాడుతున్న మాట నిజమే. మామూలు ఫోన్లకు 2022 మార్చిలో యూపీఐ 123పే వచ్చింది, ఇంటర్నెట్ లేకుండా *99# ఉంది. కానీ యూపీఐ పిన్ పెట్టుకోవాలంటే బ్యాంకుకిచ్చిన ఫోన్ నంబరు చేతిలో ఉండాలి. పల్లెలో ఆ నంబరు హైదరాబాదులో పని చేసే కొడుకుది. లేదా రీఛార్జి చేయక ఎప్పుడో రద్దయిన సిమ్ముది. జన్‌ధన్ ఖాతాలు 2025 ఆగస్టుకు 56 కోట్లు దాటాయి, అందులో సగానికి పైగా ఆడవాళ్లవి. ఈ ఘనత తక్కువది కాదు. అయితే పార్లమెంటుకు ఇచ్చిన లెక్క ప్రకారమే 2024 నవంబరు నాటికి అలాంటి ఖాతాల్లో ఐదింట ఒకటి నిష్క్రియం.

అప్పు సంగతి కూడా చూడాలి, ఎందుకంటే డబ్బు తీసుకోవడం బ్యాంకింగ్‌లో సగమే. ఎకరం మిరప వేసే రైతు పురుగుమందులకు, కోత కూలికి 50,000 అప్పు చేసి ఎనిమిది నెలలకు తీర్చాడనుకుందాం. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, ఆయన కట్టేది 8,000. మూడు రూపాయలైతే 12,000. అదే అప్పు కిసాన్ క్రెడిట్ కార్డు మీద తీసుకుని గడువులో కడితే 4 శాతం, అంటే 1,333. తేడా 6,667 నుంచి 10,667 దాకా. సొంత పేరున పొలం లేని కౌలు రైతుకు ఆ కార్డు దొరకడం గగనం. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు కార్డులు తెచ్చినా, పొలం యజమాని సంతకం పెట్టాలంటే జంకుతాడు. కార్డు లేని కౌలుదారు కమీషను వ్యాపారి దగ్గరికే వెళతాడు. తీర్చడానికి పంటే అతని దగ్గర పెట్టాలి. బ్యాంకు శాఖ ఊరికి ఐదు కిలోమీటర్లలో ఉన్నా ఈ రైతుకు అది ఏభై కిలోమీటర్ల దూరమే.

చేయగలిగినవి చాలానే ఉన్నాయి. తండాలకు, అడవి అంచు ఊళ్లకు సేవలందించే మిత్రకు లావాదేవీకి ఇంత అని కాక నెలకు కనీస మొత్తం ఇవ్వాలి. చెల్లింపుల వారంలో ఆమెకు వడ్డీ లేకుండా నోట్లు సర్దాలి. 70 ఏళ్లు దాటినవాళ్లకు, దివ్యాంగులకు ఇంటి దగ్గరే సేవలందించే ఏర్పాటు చేయాలని 2017 నవంబరులోనే రిజర్వు బ్యాంకు చెప్పింది. ఏ శాఖ ఎంతమందికి ఆ సేవ అందిస్తున్నదో శాఖ గోడ మీద రాయమనాలి. పోస్టుమేను చేతిలో యంత్రం పెట్టిన ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు 2018 సెప్టెంబరు నుంచి ఉంది. ఆయన వారంలో ఏ రోజు ఏ తండాకు వస్తాడో ముందే తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఇంకొకటి, అన్నిటికన్నా సులువైనది. పింఛను రోజున సచివాలయ ఉద్యోగి నోట్లు ఇవ్వడానికే వస్తున్నాడు, తీసుకోవడానికి రావడం లేదు. నాలుగు వేలు అందుకున్న అవ్వ అందులో ఐదు వందలు మందులకో, మనవరాలి చదువుకో దాచుకోవాలంటే ఆ నోటు బియ్యం డబ్బాలో పెట్టుకోవాల్సిందే. అదే ఉద్యోగితో పాటు జమ చేసుకునే మిషనుతో బ్యాంక్ మిత్రో పోస్టుమేనో గడప గడపకూ వెళితే, అక్కడికక్కడే ఆమె ఖాతాలో వేసి రసీదు ఇవ్వొచ్చు. 2024 నాటి 65 లక్షల మందిలో పదింట ఒకరు ఐదు వందల చొప్పున వేసుకున్నా నెలకు 32.5 కోట్లు అవుతుంది. ఆ జమల మీద మిత్రకు దక్కే కమీషనుతో తండాలో ఆమె దుకాణం ఇంకో నాలుగు గంటలు తెరిచి ఉంటుంది.